ధూమ్రకేశి మారు అడిగిన వాక్కాయ పచ్చడి

పిల్లలూ, అన్నం రుచే తెలియని రాజ్యం ఒకటి ఉండేదంటే నమ్ముతారా? ఆ రాజ్యం పేరు పసిడివాగు. ఆ జనం పుట్టుకతోనే అలా లేరు. ఒకే ఒక్క గరిటెడు పచ్చడి వల్ల వాళ్ళకు ఆ గతి పట్టింది.

పసిడివాగులో కొత్త ధాన్యం ఇళ్ళకు చేరగానే బంతి పండుగ చేసేవారు. ఆ రోజు రాజుగారు, కుమ్మరి, పశులకాపరి అందరూ ఒకే వరసలో కూర్చుని తినాలి. ఎన్ని పిండివంటలున్నా, ఎర్రగా నిగనిగలాడే వాక్కాయ బెల్లపచ్చడి ఆకు కొసన పడితే గాని ఎవరూ ముద్ద ఎత్తరు. ఆ పచ్చడి చేసేది చెంగల్వ. వడ్డించేది ఆమె అన్న పైడన్న. తల్లిదండ్రులు లేని ఆ ఇద్దరికీ రాజుగారి వంటశాలే ఇల్లు.

ఆ ఏడు బంతి చివర ఎవరూ ఎరగని ఒక ముసలమ్మ కూర్చుంది. ఆకు నాకినంత శుభ్రంగా తిని, "అబ్బాయ్, ఆ పచ్చడి మారు వెయ్యి" అంది. పైడన్న చేతి గిన్నెలో అడుగున ఒక్క గరిటెడు మిగిలి ఉంది. పొద్దుటి నుంచీ పొయ్యి దగ్గర మాడిపోతున్న చెల్లెలు ఇంకా ఎంగిలి పడలేదు. అది ఆమెకోసం దాచాడు.

"అయిపోయిందవ్వా" అన్నాడు.

ముసలమ్మ లేచి నిలబడింది. తల వెంట్రుకలు పొగలా సుడులు తిరిగాయి. ఆమె ధూమ్రకేశి అనే రక్కసి.

"బంతిలో కూర్చున్నదాన్ని మారు అడిగితే లేదంటావా? ఇక ఈ రాజ్యంలో ఎవరి నాలుకకూ రుచి ఉండదు. ఈ నేలమీద వాక్కాయ కాయదు. నా కొండకొచ్చి, నా పొయ్యి మీద ఆ పచ్చడి చేసి, నా నోటితో నేనే మారు అడిగేలా పెట్టినవాళ్ళే ఈ శాపం తీర్చగలరు. చేతకానివాళ్ళు నా వంటింట్లో రాళ్ళై పడి ఉంటారు!" అని మాయమైంది.

అన్నం మట్టిలా అయింది. చెరకు ఎండుగడ్డిలా అయింది. పసిపిల్లలు ముద్ద నోట పెట్టుకోక చిక్కిపోయారు. పేరుమోసిన వంటవాళ్ళు కొండకు వెళ్ళి తిరిగి రాలేదు. యువరాజు రణకేతుడు గుర్రమెక్కి వెళ్ళాడు. గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది.

"తప్పు నాది. నేనే వెళ్తాను" అన్నాడు పైడన్న.

"నీకు వడ్డించడమే గాని వండడం వచ్చా?" అని చెంగల్వ అడ్డం పడింది. తెల్లారి చూస్తే అన్న పక్క ఖాళీగా ఉంది. వారాలు గడిచినా అతను రాలేదు. చెంగల్వ ఇక ఏడవలేదు. కొంగు బిగించి, ఉప్పూ కారం, నువ్వుల నూనె, ఇన్ని బియ్యం, ఇంత బియ్యప్పిండి మూటగట్టుకుని అడవి దారి పట్టింది.

అడవి మొదట్లోనే ఒంటికాలి మీద నిలబడి తపస్సు చేసుకుంటున్న ముని ఎదురయ్యాడు.

"స్వామీ, ధూమ్రకేశి కొండకు దారి ఎటు?"

ముని ఒక కన్ను తెరిచాడు. "మళ్ళీ ఒకరా! ఒక్కడూ వెనక్కి రాలేదు, తెలుసా?"

"తెలుసు స్వామీ. వాళ్ళలో మా అన్న ఉన్నాడు."

"రుచి పోతే పోయింది, ఏం నష్టం? నేను ఆకులు తిని బతకడం లేదూ?"

"మీరు కావాలని మానుకున్నారు. మా పిల్లలు మానుకోలేదు కదా స్వామీ."

ముని రెండో కన్నూ తెరిచి, రెండో కాలు కూడా కింద పెట్టాడు. "ముళ్ళడొంక దాటు. బెల్లపు బండ దగ్గర ఆగు. అక్కడినుంచి పొగ కనిపించే వైపు నడువు. వెళ్ళిరా తల్లీ" అని దీవించాడు.

ముళ్ళడొంకంతా వాక్కాయ పొదలే. ఆ పొదల ముందు ఏనుగంత ఏదుపంది ముళ్ళు గలగలలాడిస్తూ కూర్చుంది.

"కోసుకో, నాకేం! కానీ ముల్లు గుచ్చుకున్నప్పుడు ఒక్కసారి 'అమ్మా' అన్నావో, నువ్వూ ఈ డొంకలో ఒక పొదవైపోతావు" అని నవ్వింది.

చెంగల్వ పైట కొస నోట్లో కుక్కుకుని పళ్ళు బిగించి చేయి పెట్టింది. నల్లగా మాగిన పండ్లు చివరన అందుతూనే ఉన్నాయి. అవి పచ్చడికి పనికిరావు. గులాబిరంగు తిరిగిన దోరకాయలే కావాలి. అవి పొద లోపల, ముళ్ళ నడుమ ఉన్నాయి. మోచేతుల దాకా గీసుకుపోయింది. ఒక ముల్లు అరచేతిలో దిగి విరిగింది. కళ్ళ వెంట నీళ్ళు జలజల రాలాయే గాని నోరు పెగల్లేదు.

"ఏడుస్తున్నావుగా! ఓడిపోయావు!" అంది ఏదుపంది.

చెంగల్వ చివరి కాయ ఒడిలో వేసుకుని, డొంక బయటికొచ్చి పైట తీసింది. "అనకూడదన్నావు గాని ఏడవకూడదనలేదు" అంది. ఏదుపంది బుర్ర గోక్కుని దారి ఇచ్చింది.

బెల్లపు బండ నిజంగా బెల్లమే! తాడిచెట్టంత ఎత్తున బంగారంలా మెరుస్తోంది. కింద ఒక లావుపాటి ఎలుగుబంటి మోర ఎత్తి చొంగ కారుస్తోంది. పైకి పోయే దారి మాత్రం జానెడు వెడల్పే. దాని పొడుగునా బొటనవేలంత గండుచీమలు బారులు తీరి ఉన్నాయి.

"ఎక్కవా ఎలుగు మామా?" అని అడిగింది చెంగల్వ.

"నా పొట్ట చూసే అడుగుతున్నావా?" అని ఎలుగు ఉడుక్కుంది. "కిందపడిన నలుసులు నాకి బతుకుతున్నా. నువ్వెక్కితే మాత్రం ఆ చీమలు ఊరుకుంటాయా?"

చెంగల్వ చీమల వైపు చూసింది. అవి బెల్లం మీదే కాపురం ఉన్నా ఒక్కటీ తినడం లేదు. నీరసంగా పాకుతున్నాయి.

"చీమల పెద్దా, ఒంట్లో బాగాలేదా?" అని పలకరించింది.

అన్నిటికంటే పెద్ద చీమ నిట్టూర్చింది. "మా ముత్తాతల కాలంనుంచీ ఇదే తిండి. తీపి తిని తిని మొహం మొత్తిందమ్మా."

అప్పుడు చెంగల్వ మూట విప్పి, నేల చదునుచేసి, బియ్యప్పిండితో పెద్ద ముగ్గు పెట్టింది. మన ఇళ్ళ ముందు అమ్మలు పెట్టేలాంటిదే, మెలికలు తిరిగిన ముగ్గు. చీమలన్నీ గీతల వెంట బారులు కట్టి, పిండి ఆవురావురుమని తినసాగాయి. ఆమె పైకెక్కి రెండు పెద్ద బెల్లపు గడ్డలు కొట్టి, ఒకటి ఎలుగు ముందు దించింది. అది గడ్డ మొత్తం మింగి, పెదాలు తుడుచుకుని, "ఎక్కు నా వీపు మీద. రక్కసి వాకిలి దాకా దింపుతా. లోపలికి మాత్రం రాను బాబోయ్!" అంది.

ధూమ్రకేశి వంటింటి ముందు కూర్చుని పొగజుట్టు దువ్వుకుంటోంది. "వచ్చావా వంటలక్కా! లోపల గిన్నెలున్నాయి. నీ ఇష్టమొచ్చింది తీసుకో" అంది.

గూళ్ళలో బంగారుపూత బాణలులు, రాగి గుండిగలు, ఇత్తడి గిన్నెలు ధగధగలాడుతున్నాయి. చెంగల్వ వాటిని తాకలేదు. పులుపు వాటిలో ఉడికితే కిలుం చేదు దిగుతుంది. గోడ వారన దుమ్ము కొట్టుకుని రాచిప్పల వరస కనబడింది. రాచిప్పంటే మెత్తటి రాయిని తొలిచి చేసిన గిన్నె. పులుపుకు దాన్ని మించింది లేదు. ఆమె చేయి చాచేసరికి ధూమ్రకేశి పకపక నవ్వింది.

"వచ్చినవాళ్ళంతా మెరిసేవే ఎంచుకున్నారు. చేదు పచ్చడి పెట్టారు. ఆ రాచిప్పలు వాళ్ళేలే! ఆ చివరిది మీ అన్న. రాతికి సెగ ఎక్కువైతే పగులుతుంది. పగిలితే మనిషి మళ్ళీ లేవడు. ఇప్పుడు వండు చూద్దాం! పోనీ, వేరే ఎవడినో తీసుకో. నీకేం పోయింది?"

చెంగల్వ ఆ వరసలో ఒక్కొక్క చిప్పనే చూసుకుంటూ చివరిదాకా నడిచింది.

"వీళ్ళలో ప్రతివాడికీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు ఉంటారు. ఎవరో ఒకరిని పొయ్యెక్కించక తప్పనప్పుడు, నావాణ్నే ఎక్కిస్తాను" అని చివరి చిప్పను రెండు చేతులా ఎత్తుకుంది.

లోపలా బయటా నూనె రాసింది. ముందు గోరువెచ్చటి నీళ్ళు పోసి, సన్నటి పుల్లల సెగ మీద రాతిని కాస్తకాస్తగా వేడెక్కించింది. ఈలోపు కాయలు చీల్చి, గింజలు తీసి, పాలజిగురు పోయేలా ఉప్పునీళ్ళలో కడిగింది. నీళ్ళు వంపి, కాయలు వేసింది. అవి చిటపట పగిలి ఎర్రటి రసం ఊరాక బెల్లం వేసింది, చిటికెడు కారం చల్లింది.

"ఇలాగైతే తెల్లారుతుంది!" అని ధూమ్రకేశి పెద్ద దుంగను పొయ్యిలోకి తోసింది. మంట భగ్గుమంది. చిప్పలో ఎక్కడో టిక్కుమని చప్పుడైంది.

చెంగల్వ మండుతున్న దుంగను చేత్తోనే బయటికి లాగేసింది. "పొయ్యి నీదే కావచ్చు. వంట నాది. దూరంగా జరుగు!" అని గదమాయించింది. రక్కసి బిత్తరపోయి రెండడుగులు వెనక్కి వేసింది. పగులు అంతటితో ఆగింది.

పచ్చడి ఇంకా జారుడుగా ఉండగానే చెంగల్వ చిప్పను దించేసింది.

"ఇదేం చారు! ఓడిపోయావు!" అని ధూమ్రకేశి చెయ్యెత్తింది.

"ఆగు. వడ్డించేవాళ్ళు పిలిచాక కూర్చోవాలి. పొయ్యి దిగినా రాయి ఇంకా వండుతూనే ఉంటుంది."

అన్నం ఉడికేలోగా పచ్చడి తనంతట తానే దగ్గరపడింది. కెంపు రంగు తిరిగి గరిటెకు అంటుకుని నిలిచింది. చెంగల్వ ఆకు వేసి, వేడన్నం పెట్టి, కొసన పచ్చడి వడ్డించి, "ఇప్పుడు కూర్చోండి" అంది.

మొదటి ముద్దకు రక్కసి కళ్ళు మూతపడ్డాయి. రెండో ముద్దకు లొట్టలు వేసింది. ఆకు ఖాళీ అయినా మొండిగా నోరు మూసుకుని, వేలితో ఆకు కొస గీకుతూ కూర్చుంది. చెంగల్వ గరిటె పట్టుకుని, అన్నను కాళ్ళ దగ్గర పెట్టుకుని, కదలకుండా నిలబడింది.

"...మారు" అంది ధూమ్రకేశి, గొంతులోనే.

"ఏమన్నారు? వినపడలేదు."

"మారు వెయ్యవే పిల్లా, నా ప్రాణం తోడెయ్యకుండా!"

చెంగల్వ చిప్ప వంచి అడుగుదాకా ఊడ్చి వడ్డించింది. ఖాళీ అయిన చిప్ప చేతుల్లో బరువెక్కింది. చూస్తుండగానే ఒళ్ళంతా చెమటతో పైడన్న ఆమె ముందు కూలబడ్డాడు. గోడ వారన చిప్పలన్నీ దగ్గుతూ, తుమ్ముతూ మనుషులై లేచాయి. రాకుమారుడు మీసం మీది దుమ్ము దులుపుకుంటూ, "బంగారు బాణలి తీసుకున్నది నేనే" అని తల దించుకున్నాడు. ధూమ్రకేశి మాత్రం ఎవరినీ చూడలేదు. తింటూనే ఉంది.

పసిడివాగులో పొదలు మళ్ళీ పూచాయి. పసిపిల్లలు పాలబువ్వకు మారాం చేశారు. రాజుగారు చెంగల్వను కోడలిగా అడిగితే, "ఏడాదిపాటు రాకుమారుణ్ని బంతిలో వడ్డించమనండి. అప్పుడు చెబుతాను" అంది. రణకేతుడు అన్నం బుట్ట భుజానెత్తుకున్నాడు. ఎవరు ఎన్నిసార్లు మారు అడిగినా విసుక్కోలేదు. ఏడాది తిరిగేసరికి పెళ్ళి జరిగింది. తర్వాత రాణిగా చెంగల్వ ఏలినన్నాళ్ళూ ఆ రాజ్యంలో ఎవరూ ఆకలితో పడుకోలేదు.

పెళ్ళి విందులో బంతులన్నీ లేచాక, పైడన్నను కూర్చోబెట్టి ఆమె తనే ఆకు వేసింది. పచ్చడి వాసనకు అతని నోరూరింది. ముద్ద నోట పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తీరిగ్గా చప్పరించాడు.

"ఎలా ఉందన్నయ్యా?" అని ఆత్రంగా అడిగింది.

"ఉప్పు తగ్గింది" అన్నాడు.

పట్టుచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, గరిటె ఎత్తి, కొత్త పెళ్ళికూతురు అన్నను పందిరి చుట్టూ తరుముతుంటే, రాజ్యమంతా కడుపులు పట్టుకుని నవ్వింది.