రెండుసార్లు కట్టిన బిల్లు

దీవెనకు అన్నిటికన్నా భయం కరెంటు పోవడమంటే. చీకటికి కాదు. వాన పట్టినా, చలిగాలి తగిలినా నాలుగేళ్ళ కూతురు వినీలకు ఆయాసం వస్తుంది. అప్పుడు ఆవిరి మిషను పెట్టాలి. మిషనుకు కరెంటు కావాలి.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. భర్త డేనియల్ ఉన్నన్నాళ్ళూ బిల్లులన్నీ అతనే చూసుకునేవాడు. ఎక్కడ కడతారో, ఎప్పుడు కడతారో ఆమెకు తెలియదు. లారీ ప్రమాదంలో అతను పోయాక, ఆ ఏడుపుల్లో, ప్రార్థనల్లో, వచ్చేపోయే చుట్టాల్లో కరెంటు బిల్లు ఎవరికి గుర్తుంటుంది? గడువు దాటిపోయింది. లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీక్కుపోయాడు. ఆ సాయంత్రమే వినీలకు ఎగశ్వాస మొదలైంది. భవానీపురం నుంచి ఆసుపత్రి దాకా ఆటోలో పిల్ల గుండెల మీద చెవి పెట్టుకునే ఉంది దీవెన.

అప్పట్నుంచి బిల్లు చేతికొచ్చిన రోజే పిల్లను చంకనేసుకుని కౌంటరుకు పరుగు. లైన్లో వాళ్ళు "ఇంకా చాలా టైముందిగా అమ్మాయ్" అన్నా వినదు. ఇంటికొచ్చి పదిమంది బట్టలూ కుట్టాలి, బతుకుతెరువు అదే. అయినా సరే, రసీదు చేతిలో పడితే తప్ప ఆమెకు అన్నం దిగదు.

ఎలీషాను మొదటిసారి చూసింది గవర్నర్‌పేటలో, వానలో.

లైనింగు గుడ్డ, హుక్కులు కొనుక్కుని షాపులోంచి బయటపడేసరికి చినుకులు. రోడ్డు దాటేసరికి అవి చినుకులు కావు. ఎదురుగా ఒక బ్యాంకువాళ్ళ పెద్ద గొడుగు, దాని కింద బల్ల, బల్ల వెనక టై కట్టుకున్న కుర్రాడు కనిపించాడు. గబుక్కున దూరిపోయింది.

"నమస్తే మేడమ్. అకౌంట్ ఓపెన్ చేస్తారా?"

"వాన తగ్గేదాకా నిలబడతానండి. అకౌంటేం వద్దు."

"నిలబడ్డానికి మినిమమ్ బ్యాలెన్స్ అక్కర్లేదండి. నిలబడండి."

నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. అతని టై తడిసి ఒక పక్కకు వాలిపోయింది. మెళ్ళో కార్డు మీద ఎలీషా అని ఉంది. మనవాళ్ళ పేరే అనుకుని కాస్త ధైర్యం తెచ్చుకుంది.

"ఫోన్లోనే కరెంటు బిల్లు కట్టుకోవచ్చంట, నిజమేనా?"

"కరెంటు, గ్యాసు, కేబులు, అన్నీ. ఇంట్లో కూచుని."

"కట్టినట్టు ఎవరు చెప్తారు?"

"మెసేజ్ వస్తుందండి."

"రాకపోతే?"

"యాప్‌లో కనపడుతుంది."

"యాప్ తెరుచుకోకపోతే?"

"కస్టమర్ కేర్ ఉంది కదండీ."

"వాళ్ళు ఎత్తకపోతే? ఈలోగా ఫ్యూజు పీకేస్తే?"

ఎలీషా చేతిలోని పాంప్లెట్ కింద పెట్టేశాడు. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్ళందరూ గిఫ్టేమిస్తారని అడిగినవాళ్ళే. ఇలా అడిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీరు మా బ్యాంకులో తెరవకండి."

"ఏం?"

"మీకు సరిపడదండి. వేరేచోట చూసుకోండి."

దీవెన మొహం మాడిపోయింది. తన రబ్బరు చెప్పుల వంక, బురద పట్టిన చీరంచు వంక చూసుకుంది. "మాలాంటివాళ్ళు మీ బ్యాంకుకు తగరని సూటిగా చెప్పొచ్చుగా!" అని వానలోకి నడిచేసింది.

"అయ్యో, అది కాదండీ!" అన్న మాట సిటీ బస్సు హారన్‌లో కొట్టుకుపోయింది.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ అత్తగారితో అంతా చెప్పింది. తెరేసమ్మకు కొడుకు పోయాక ఈ కోడలే కూతురు. ఆమెను ఎవరైనా ఒక మాటంటే ఊరుకునే మనిషి కాదు. మర్నాడే చెప్పులేసుకుని, కోడల్ని వెంటబెట్టుకుని గవర్నర్‌పేట గొడుగు దగ్గర దిగింది.

"ఏం బాబూ, మా కోడలు మీ బ్యాంకుకు తగదన్నావంట?"

ఎలీషా లేచి నిలబడ్డాడు. "అంత మాట నేనెందుకంటానండీ! మా యాప్ నెలాఖరొస్తే మొరాయిస్తుంది. ఆవిడ అడిగినదానికి నా దగ్గర నిజమైన జవాబు లేదు. ఫ్యూజు అన్నప్పుడు ఆవిడ మొహం చూశానండి. ఆ మొహం చూసి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు."

"మరి ఎక్కడ తెరవమంటావ్?"

"మీది ఏ ఏరియా అండీ? భవానీపురమా? అక్కడ కూరగాయల బజారు పక్కన ఒక చిన్న బ్రాంచి ఉంది చూడండి. వాళ్ళ యాప్ తెలుగులో ఉంటుంది. బిల్లు కట్టే ముందు రోజు మెసేజిస్తారు, కట్టాక మళ్ళీ ఇస్తారు. అకౌంట్లో డబ్బులు తక్కువుంటే ముందే చెప్తారు." అని చేతులు జోడించాడు. "మా మేనేజర్‌కు మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది."

తెరేసమ్మ కోపం అక్కడే కరిగిపోయింది. దీవెనకు మాత్రం వెంటనే నమ్మకం కుదరలేదు. ఊళ్ళో బ్యాంకులన్నీ తిరిగి, అందరినీ అదే ప్రశ్న అడిగింది. ఒకచోట "అంతా ఆటోమేటిక్ అమ్మా" అని పంపేశారు. ఇంకోచోట ఇంగ్లీషు ఫారం చేతిలో పెట్టి, చదువుకున్నవాళ్ళనెవరినైనా తీసుకురమ్మన్నారు. టెన్త్‌లోనే చదువు ఆగిపోయిన దీవెన ఆ ఫారం బల్ల మీదే పెట్టి వచ్చేసింది. కూరగాయల బజారు బ్రాంచిలో శాంభవి అనే ఆఫీసరమ్మ మాత్రం కుర్చీ చూపించి, ఫోన్లో ఒక్కొక్కటీ తెలుగులో చదివించి, "ఇబ్బందైతే నేరుగా నా దగ్గరికి రండి" అంది.

అకౌంటు అక్కడే తెరిచింది. కానీ బిల్లు దానంతటదే కట్టేసే 'ఆటో పే' అన్నచోట వేలు ఆగిపోయింది. శాంభవిని అడిగితే సరిపోయేది. ఎందుకో కాళ్ళు గవర్నర్‌పేట బస్సెక్కాయి.

"వచ్చారా! ఈ రోజు వాన కూడా లేదే," అన్నాడు ఎలీషా.

"లైనింగు గుడ్డ కోసం వచ్చాను."

"మొన్న కొన్నది అయిపోయిందా?"

"మీరు గుడ్డల లెక్క కూడా చూస్తారా?"

ఫోన్ ఇవ్వబోతే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఫోన్ మీ చేతిలోనే ఉండాలండి. నాక్కూడా ఇవ్వకూడదు. నేను చెప్తాను, మీరు నొక్కండి." ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె నొక్కింది. "ఇప్పుడు పిన్ కొట్టండి," అని గిరుక్కున అటు తిరిగి రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

పిన్ కొట్టడం అయిపోయింది. అతనింకా తిరగలేదు. చొక్కా వెనక చెమట, చెవుల వెనక ఎండకు కమిలిన చర్మం. భర్త పోయాక తనవైపు చూసే కళ్ళు చాలానే చూసింది దీవెన. చూడకుండా నిలబడ్డ మనిషిని చూడటం ఇదే మొదటిసారి.

"అయిందండీ," అంది, కాస్త ఆలస్యంగానే.

మొదటి నెల మెసేజ్ వచ్చింది, బిల్లు కట్టేశారని. చదువుకుంది, అత్తగారికి చదివి వినిపించింది. రాత్రంతా ఆలోచించింది. మెసేజే కదా, రేపు కాదంటే? నెల తిరిగి కొత్త బిల్లు రాగానే, యాప్ దాని పని అది చేస్తుండగా, తనూ కౌంటరుకు వెళ్ళి కట్టేసి వచ్చింది. ఆ తర్వాత నెలా అంతే. ఎవరికీ చెప్పలేదు.

శ్రావణం ముసురులో ఒక సాయంత్రం బిల్లు వచ్చింది. అంకె ముందు అడ్డగీత! మైనస్.  అకౌంటు ఖాళీ అయిందేమో, బాకీ పడ్డానేమో, లైన్‌మన్ ఇవాళో రేపో వస్తాడు. ఈ వేళకు శాంభవి వాళ్ళ బ్రాంచి మూసేసి ఉంటారు. ఇంకెవరున్నారు? ఆటో పే పెట్టిన రోజు ఇల్లెక్కడో అడిగి తెలుసుకుని, 'ఏదైనా ఇబ్బందైతే' అని ఎలీషా ఇచ్చిన నంబరు నొక్కింది.

"మైనస్ వచ్చిందండీ," అంది, హలో కూడా అనకుండా.

వానలోనే బైకు మీద వచ్చాడు. తలుపు దగ్గర నీళ్ళోడుతూ నిలబడి బిల్లు చూశాడు. ఇంకోసారి చూశాడు.

"దీవెన గారూ, మీరు కౌంటర్లో కూడా కడుతున్నారా?"

ఆమె లోపలికెళ్ళి కౌంటరు రసీదులు రెండూ తెచ్చి చూపించింది.

"కరెంటోళ్ళే మీకు బాకీ ఉన్నారండి! మీరు ఎక్కువ కట్టిందంతా ఇప్పుడు వాళ్ళ లెక్కలో జమకెక్కింది. ఇంకొన్నాళ్ళు మీరసలు కట్టక్కర్లేదు."

తెరేసమ్మ ముందు నోరెళ్ళబెట్టి, తర్వాత కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఊరందరికీ వాళ్ళు ఫ్యూజు పీకుతారు. మా కోడలు వాళ్ళకే అప్పిచ్చిందా!"

ఎలీషా కూడా నవ్వబోయి, దీవెన మొహం చూసి ఆగిపోయాడు. "నేను చెప్పింది నమ్మబుద్ధి కాలేదా?" అన్నాడు మెల్లగా.

అప్పుడు చెప్పింది, ఆ సాయంత్రం సంగతి. ఫ్యూజు, ఆటో, చెవి కింద పిల్ల గుండె. చెప్తూ చెప్తూ ఉండగానే ఫ్యాను ఆగింది. దీపం పోయింది.

"చూశారా! పీకేశారు!"

"లేదండీ, బయట చూడండి. వీధంతా పోయింది. వానకు ట్రాన్స్‌ఫార్మర్ ఏదో పోయుంటుంది."

వీధి మొత్తానికి పోతే యాప్ ఏం చేస్తుంది, కౌంటరు ఏం చేస్తుంది? లోపల మంచం మీద వినీల దగ్గింది. దగ్గు ఆగలేదు. ఊపిరితో పాటు సన్నగా ఈల వినపడింది. దీవెన పిల్లను ఎత్తుకుని గోడకు ఆనుకుపోయింది. 

"ఈ వీధిలో ఇన్వర్టరు ఎవరింట్లో ఉంది?" అన్నాడు ఎలీషా.

"తెలీదు. నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు."

అతను వానలోకి ఉరికాడు. ఒక్కో గేటూ బాదుతూ, "ఇన్వర్టరుందాండీ? చిన్నపిల్లకు ఆయాసం!" అని అరుస్తూ పోయాడు. ఎదురిల్లు పలకలేదు, పక్కింటి గేటు దగ్గర దీపం కనపడింది. రిటైరైన టీచరు రామకోటేశ్వరరావు గారు గొడుగు కూడా లేకుండా బయటకొచ్చేశారు. పిల్లతో, మిషనుతో పరుగెత్తుకొచ్చిన దీవెనకు ఆయన భార్య రమాసుందరి ఎదురొచ్చి పిల్లను అందుకుంది. మిషను ప్లగ్గు పెట్టారు. బుర్రుమంది. మాస్కులోంచి తెల్లటి ఆవిరి, దాని వెనక వినీల కళ్ళు. కాసేపటికి ఈల తగ్గింది. ఇంకాసేపటికి "నానమ్మా, బిస్కెట్టు" అంది.

"గోడ పక్కనే ఉంటూ ఒక్కసారి చెప్పలేదేమ్మా?" అంది రమాసుందరి. అందులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. దీవెనకు అప్పుడు ఏడుపొచ్చింది.

వరండాలోకి వచ్చి కళ్ళు తుడుచుకుంటుంటే, పక్కన ఎలీషా టై పిండుకుంటున్నాడు.

"చలేస్తోందా?" అంది.

"లేదండి. ఒకటి అడగనా? ప్రతిసారీ బిల్లు మైనస్ వస్తే తప్ప నన్ను పిలవరా?"

"పిలవకపోతే రారా?"

"రావాలనే ఉంటుంది. పోయిన నెల మీ వీధి చివరదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయాను. ఏ పని మీద వచ్చావంటే ఏం చెప్పాలో తెలీక."

దీవెన వాన వంక చూసింది. "నాకు పిల్లుంది."

"పిల్లనే ముందు చూశానండి. మీరు అడిగిన ప్రశ్నలన్నిట్లోనూ ఉన్నది తనే కదా."

"నేను దేన్నీ తొందరగా నమ్మను. ఒకటికి రెండుసార్లు కట్టే మనిషిని."

"నేను కూడా ఒకటికి రెండుసార్లు అడుగుతాను. తొందరేం లేదు."

ఆమె తన కొంగు పొడిచెంగు అతని చేతికిచ్చింది, మొహం తుడుచుకోమని.

వెనక నుంచి తెరేసమ్మ గొంతు సవరించుకుంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది. "నా కొడుకు పోయాక ఈ పిల్ల నిద్రపోవడం నేను చూడలేదు బాబూ. ఈ ఆదివారం మీ అమ్మను తీసుకుని గుణదల మేరీమాత గుడికి రా. కొండ కింద మాట్లాడుకుందాం."

"మేం మీలా ఆర్‌సీఎం కాదండీ, సీఎస్ఐ. మా చర్చి వేరు."

"మేరీమాత గేటు దగ్గర కార్డేమీ అడగదులే. రా."

క్రిస్మస్ వెళ్ళాక పెళ్ళయింది. తెరేసమ్మ వాళ్ళతోనే ఉంది. మళ్ళీ వానాకాలం వచ్చేసరికి, మబ్బు పడితే రమాసుందరి గోడ మీదుగా "పిల్లెలా ఉందమ్మా?" అని ముందే కేకేస్తోంది. దీవెన కౌంటరుకు వెళ్ళడం మానేసింది. ఆ పూట రెండు జాకెట్లు ఎక్కువ కుడుతోంది.

ఇది చదివిన మీకు ఒక మాట. మీ పక్క పోర్షన్లో చిన్నపిల్లతో ఉండే అమ్మాయి ఎవరైనా ఉందా? ఎదురుపడినప్పుడు నవ్వి తప్పుకునే మనిషి, ఏదీ అడగని మనిషి? వానకు కరెంటు పోయిన సాయంత్రం ఆమె మీ తలుపు తట్టదు. మీరే వెళ్ళి, పిల్ల ఎలా ఉందో ఒకసారి చూసి రండి.