అట్టపెట్టెల సర్వే

"వాళ్లు ఏ టీపొడి తాగితే మీకేం మేడమ్? ఊరికే కాగితాలు ఖరాబు చేస్తాండారు."

కువైట్‌లోని సాల్మియాలో ఒక కిరాణా కొట్టు ముందు ఆ మాట విన్న జెన్నిఫర్‌కి జూన్ ఎండకన్నా ఎక్కువ మండింది. వ్యానులోకి బియ్యం బస్తాలు ఎక్కిస్తూ అన్నవాడు నాగేంద్రప్రసాద్. రాజంపేట దగ్గరివాడు, ఆ కొట్టు సరుకులు ఇళ్లకు చేరవేసే డ్రైవరు.

జెన్నిఫర్ కాకినాడలో బీకాం చదువుతోంది. వేసవి పరిశోధనకు కాలేజీ ఎంపిక చేసిన ఇద్దరిలో ఆమె ఒకతి. గల్ఫ్ ఇళ్లలో పనిచేసే మన ఆడవాళ్లు ఏం కొంటారన్నది ఆమె తీసుకున్న అంశం. అమ్మ రత్నమణి ఇక్కడే నర్సు కాబట్టి తిండికీ నీడకూ లోటు లేదు. లోటల్లా జవాబులకే. నింపిన ముప్పై ఫారాల్లోనూ అదే ఖరీదైన టీపొడి, అదే ఖరీదైన సబ్బు.

"అందరూ ఒకటే ఎలా చెబుతారండీ?" అంది ఉక్రోషంగా.

"ఏం కొంటారని అడిగితే మామా, అదే ఇంటి యజమానమ్మ, కొనేదే చెప్తారు. ఆ యమ్మ వంటింట్లో నిలబడి ఇంకేం చెప్తారు? మంచం కింద అట్టపెట్టె ఉంటాది. ఊరికి పోయేటప్పుడు ఎత్తుకపోయేది. దాంట్లో ఏం పెట్టినారో అడగండి."

మర్నాడు సబా అల్ సలేం పేటలో ఒక ఇంట్లో పనిచేసే వెంకటేశ్వరిని అలాగే అడిగింది. మొన్న ముక్తసరిగా జవాబిచ్చిన మనిషి ఇవాళ అరగంట ఆపకుండా మాట్లాడింది. చెల్లెలి బిడ్డకు పాలపొడి, మొగుడికి టార్చిలైటు, అత్త నోరు మూయించడానికి సెంటుసీసా. రెండేళ్లుగా ఒక్కొక్కటీ చేరుస్తోందట.

పాత ఫారాలన్నీ పక్కన పడేసి జెన్నిఫర్ మళ్లీ మొదలుపెట్టింది. ఇళ్లన్నీ తెలిసినవాడు కాబట్టి నాగేంద్రప్రసాద్ వ్యానే దిక్కయింది. రత్నమణి ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది. పిల్ల వెనకాల బస్తాల మధ్యే కూర్చోవాలి. డ్రైవరు ముందు అద్దం ఒకటుందన్న సంగతి పాపం ఆవిడకు తట్టలేదు.

"రోడ్డు చూసి నడపండి," అనేది జెన్నిఫర్.

"రోడ్డు యాడికీ పోదులే మేడమ్," అనేవాడతను.

జూలై మూడో వారానికి వంద ఫారాలు నిండాయి.

"అయిపాయె కదా, ఇంక ఊరికి పోయేదేనా?" అన్నాడు దిగులుగా.

"ఇంకో పది కావాలని మా సారు ఉత్తరం రాశారండీ," అంది ఆమె, అద్దం వైపు చూడకుండా.

ఆ పదీ పూర్తయ్యేసరికి ఆగస్టు వచ్చింది. రెండో తేదీ పొద్దున ఇరాక్ ట్యాంకులు ఊళ్లోకి దిగాయి. ఫోన్లు మూగబోయాయి. కొట్టు యజమాని, నాగేంద్రప్రసాద్‌కి వీసా ఇచ్చిన కఫీల్, కుటుంబంతో సౌదీ వెళ్లిపోయాడు. అతని పాస్‌పోర్టు ఎప్పటినుంచో ఆయన దగ్గరే ఉంది.

హవల్లీలో ఒక బడిలో మనవాళ్లు కూడి, జోర్డాన్‌లోని అమ్మాన్ వెళ్లే బస్సులకు పేర్లు రాయడం మొదలుపెట్టారు. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఇచ్చే కాగితం చాలు. యజమానులు పారిపోయిన ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఒంటరిగా చిక్కుకున్నారో ఎవరికీ తెలియదు. జెన్నిఫర్ ఫారాల్లో మాత్రం వీధి, ఇంటి నంబరుతో సహా ఉంది. ఆ ఫారాలు పట్టుకుని మూడు రోజులు, సైనికులు ఆపిన చోటల్లా ఆగుతూ, నాగేంద్రప్రసాద్ వ్యాను తిప్పాడు. యాభై ముగ్గురిని తెచ్చాడు. వెంకటేశ్వరి పెట్టె వదిలి రానని ఏడిస్తే, "పెట్టె మళ్లా నింపుకోవచ్చు, నువ్వు రాక్కా," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

రేపటి బస్సులో కుటుంబాలకూ ఆడవాళ్లకూ చోటు. ఒంటరి మగవాళ్ల సంగతి ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోతున్నారు. బల్ల దగ్గర పేర్లు రాస్తున్న జెన్నిఫర్ ముందుకు అతను వచ్చాడు.

"పేరు?"

"తెలీదా మేడమ్?"

"అందరినీ అడిగినట్టే అడగాలండీ. పాస్‌పోర్టు?"

"కఫీల్ కాడ. కఫీల్ సౌదీలో."

"వెంట ఎవరు?"

"ఎవురూ లేరు. ఒక్కన్నే అని రాసి, మీరు రేపు పోండి."

కలం కదలలేదు. ఆమెకు కళ్లు నిండాయి.

"మా సారు ఉత్తరమేమీ రాయలేదండీ. ఆ పది ఫారాలూ నేను ఉండిపోవడానికే."

"తెలుసు. మీ ఉత్తరాలు వచ్చేది మా కొట్టు అడ్రసుకే కదా."

"తెలిసీ చెప్పలేదేం?"

"చెప్తే పోతారని. మీరు పోతే నేను బతకలేనని కాదు. బతుకుతా. బాగుండదు, అంతే."

మంచినీళ్లు తెచ్చి వెనకే నిలబడ్డ రత్నమణి సీసా బల్ల మీద పెట్టి, కూతురి చేతిలోంచి కలం లాక్కుంది. అతని పేరు తమ కుటుంబం కింద రాసింది. సంబంధం అన్న గడిలో ఒకే ముక్క రాసింది, అల్లుడు.

"అమ్మా!" జెన్నిఫర్ ముఖం ఎర్రబడింది. "కాబోయే అనైనా రాయలేదేంటి?"

"గడి చిన్నదే," అంది రత్నమణి. "గుడా చర్చా అన్నది ఇల్లు చేరాక ఈ అబ్బాయి తల్లితో నేను మాట్లాడతాను. నువ్వు పొద్దున్నే తయారుగా ఉండు బాబూ, బస్సు ఆరింటికి."