మూడో పిలుపు

"ఉడతా!"

కాఫీ షాపు కౌంటరు నుంచి ఆ కేక వినపడగానే కిటికీ పక్కన కూర్చున్న బట్టతల పెద్దమనిషి లేచాడు. యాభై దాటినవాణ్ణి నలుగురిలో ఉడతా అని పిలిస్తే సిగ్గుపడాలి. ఆయన మొహం మాత్రం చంటిపిల్లాడి మొహంలా వెలిగిపోయింది. కప్పు అందుకున్నాడు. రద్దీలో ఎవరో తగిలి సారీ చెప్పారు. తిరిగొచ్చి కూర్చుని, రెండు గుక్కలు తాగి, బల్ల మీద తల వాల్చాడు. తుడిచే మనిషి ఆయన చుట్టూ బల్ల తుడిచి వెళ్లిపోయింది. కునుకు తీసే కస్టమర్‌ని లేపకూడదని కంపెనీ రూలు.

"దీంతో ముగ్గురు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ మర్నాడు. "ముగ్గురూ రహస్య సంకేతాలు విప్పే మన సైఫర్ సెక్షన్ వాళ్లే. బ్రాంచీలు వేరు, కాఫీ కంపెనీ ఒకటే. డాక్టరు గుండెపోటన్నాడు. మళ్లీ చూడమన్నాను. మోచేతి వెనక సూదిపోటు దొరికింది."

ఎదుట కూర్చున్న ఏజెంట్‌ని డిపార్టుమెంటులో నత్త అంటారు. ఒక కప్పు కాఫీతో పూటంతా గడిపేస్తాడు మరి.

"సైఫర్ వాళ్ల పేర్లూ ఫొటోలూ ఎక్కడా ఉండవు కద సార్. ఎలా కనిపెట్టారు?"

"మన తెలివి వల్లే. కప్పు మీద రాయడానికి అసలు పేరు చెప్పొద్దని సర్క్యులర్ ఇచ్చాం. అందరూ బుద్ధిగా ఇంట్లో పిలిచే ముద్దుపేర్లు చెప్పారు. ఏ ముద్దుపేరు రోజూ ఏ ఆఫీసు నుంచి ఆర్డరు పెడుతోందో కంపెనీ యాప్‌కి తెలుసు. ఆ డేటా విదేశీ గూఢచారుల రింగుకి చేరింది. హంతకుడికి మొహం తెలియక్కర్లేదు. పిలిస్తే ఎవరు లేస్తే వాళ్లే."

"తర్వాత ఎవరు?"

"రింగు మెసేజ్ ఒకటి పట్టుకున్నాం. రేపు ఉదయం, మెయిన్ బ్రాంచి. పేరు పిడుగు. ఎవరో సెక్షన్‌లో వాకబు చేయిస్తున్నాను."

నత్త కప్పు మొదటిసారి ఒక్క గుక్కలో ఖాళీ అయింది.

"అక్కర్లేదు సార్. మా అక్క. బీమా ఆఫీసులో పనని చెప్పింది నాతో."

"నువ్వేం చెప్పావు ఆవిడకి?"

"మోటారు పంపుల సేల్స్ అని."

"మంచి కుటుంబం," అన్నాడు చీఫ్ నవ్వకుండా. "ఆవిణ్ణి ఇంట్లోంచి కదలనివ్వకు. ఆ పేరుకి నువ్వు లే." సొరుగులోంచి పల్చటి ఉక్కు జాలీ తొడుగులు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. "చేతులకే. మెడకి ఇంకా తయారు చెయ్యలేదు."

ఆ మధ్యాహ్నం నత్త కలిసింది కాఫీ కంపెనీ మార్కెటింగ్ డైరెక్టర్‌ని. కోడ్ నేమ్ నురగ. రింగుకి పనిచేస్తున్నట్టు నటిస్తూ డిపార్టుమెంటుకి కబుర్లందించే డబుల్ ఏజెంట్. కనీసం ఫైల్లో అలా రాసి ఉంది. బూడిదరంగు కోటు, ఎర్రటి పెదాలు, వేలికి పెద్ద రాయి ఉంగరం. ఆవిడ నడిచొస్తుంటే లిఫ్టులో వాళ్లు దిగడం మర్చిపోయారు.

"మేం కాఫీ అమ్మం," అంది. "కాఫీ ఎవరైనా అమ్ముతారు. ఇంట్లో మనిషిని ఒసేయ్, ఒరేయ్ అంటారు. ఆఫీసులో నంబరు. మా దగ్గర మాత్రం వాళ్లమ్మ పిలిచిన పేరుతో పిలుస్తాం. దానికోసం ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి వస్తారు. కాస్త బద్ధకించిన వాళ్లకి ఫ్రీ కప్పు పంపిస్తాం, ఆ ఒక్కరోజే చెల్లేట్టు. చచ్చినట్టు వస్తారు."

చివరి మాట నత్తకి నచ్చలేదు.

"హంతకుడెవరు?"

"కౌంటరు లోపల ఉంటాడు. ఏప్రన్ వేసుకుని. వాణ్ణే కనిపెట్టుకుని ఉండండి."

"మీ కప్పు మీద ఏం రాయిస్తారు?"

ఆవిడ కళ్లు ఒక్క క్షణం కిటికీ వైపు తిరిగాయి. "నేను మా కాఫీ తాగను. తాగినా, నన్నలా పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు."

సాయంత్రం నత్త అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, రేపు పొద్దున ఇల్లు కదలకు. ఫ్రిజ్ రిపేరుకి మనిషిని పంపిస్తున్నా."

"నా ఫ్రిజ్ బానే ఉందిరా."

"పాడవుతుంది. చెప్పిన మాట విను."

"పంపులమ్మేవాడివి నీకెందుకురా ఫ్రిజ్‌ల గొడవ?" అంటూనే సరేనంది. అక్క సరేనందంటే విననట్టే అని ముప్పై ఏళ్లుగా తెలిసినవాడు, ఆ ఒక్కసారికీ నమ్మాడు.

మర్నాడు ఉదయం మెయిన్ బ్రాంచిలో విగ్గు, స్వెట్టరు, పొట్ట చుట్టూ దూదితో ఒక భారీ ముసలావిడ కూర్చుని ఉంది. పిడుగు అని ఆర్డరిచ్చి, కౌంటరు లోపలి ఏప్రన్‌ల మీంచి చూపు తిప్పకుండా కాచుకుంది. దూది కింద చెమటలు కారుతున్నాయి. ఉక్కు తొడుగు మోచేతిని కోస్తోంది.

అప్పుడు చూశాడు నత్త. కప్పులు అందుకునే చోట, జనంలో, బూడిదరంగు కోటు. తమ కాఫీ తాగని మనిషి కాఫీ కోసం నిలబడి ఉంది. ఉంగరం రాయి అరచేతి వైపు తిరిగి ఉంది.

"పిడుగూ!"

నత్త లేచాడు. స్తంభం అవతల ఇంకొకరు కూడా లేచారు. ఫోన్‌లో ఫ్రీ కప్పు తెరిచి పట్టుకుని, చిన్నపిల్లలా నవ్వుతూ, అక్క.

కౌంటరుకి నత్తకన్నా అక్క దగ్గర్లో ఉంది. అక్కకన్నా ఉంగరం దగ్గర్లో ఉంది. దూది పొట్టతో ఇద్దరు కస్టమర్లని పడదోసి, కౌంటరు మీది కప్పు లాక్కుని, అక్క మోచేతికీ ఆ అరచేతికీ మధ్య అడ్డంపెట్టాడు. టక్‌మని చిన్న చప్పుడు. అట్టకప్పుకి పడ్డ సన్నటి కన్నంలోంచి కాఫీ చిమ్మింది.

నత్త ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఆవిడ అతని విగ్గు వైపు చూసి, గుర్తుపట్టి, మెల్లగా పిడికిలి బిగించింది. ఉంగరంలోని సూది తన అరచేతిలోనే దిగింది. పక్క కుర్చీలో నెమ్మదిగా కూర్చుని బల్ల మీద తల వాల్చింది. తుడిచే మనిషి వచ్చి ఆవిడ చుట్టూ తుడిచి వెళ్లింది.

అక్క ఒలికిన కాఫీని చూసింది. విగ్గుని చూసింది. ముక్కుని ఇంకాస్త పరీక్షగా చూసింది. మొహంలో నెత్తురు లేదు గానీ గొంతు మాత్రం ఎప్పటిదే.

"పంపుల కంపెనీలో ఈ వేషాలు కూడా వేయిస్తార్రా?"

"మీ బీమా ఆఫీసులో ఫ్రీ కాఫీకి ప్రాణాలిస్తారా అక్కా?"

"ఈ ఒక్కరోజే చెల్లుతుందని మెసేజ్ పెట్టారు..." అంటూ తమ్ముడి స్వెట్టరు చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"గువ్వా!" అని కౌంటరులోంచి కేక వచ్చింది.

ఎవరూ లేవలేదు.

"గువ్వా!"

నత్త బల్ల మీది తల వైపు చూశాడు. ఎవరూ లేవకపోతే మూడుసార్లు పిలవాలని ఆవిడ పెట్టిన రూలే. మూడోసారి ఇంకాస్త ముద్దుగా పిలిచి, కౌంటరు మనిషి ఆ కాఫీని సింకులో పారబోసి, తర్వాతి పేరు అందుకున్నాడు.