ముల్లు ఒక గీత పైకెక్కింది

పాపాయమ్మ ఫ్రీజర్ బాక్సులో ఉంది. ఇంటిముందు టెంటు, కుర్చీలు, పాస్టరుగారు. సమాధి తవ్వేశారు. పూడ్చడానికి మాత్రం వీల్లేదు.

పెద్దకొడుకు క్రాంతికుమార్ కాకినాడ నుంచి దిగుతూనే రాజోలు స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చాడు. ఆక్సిజన్ పెట్టకుండా చెల్లెలు లిడియా తల్లిని చంపేసిందని. కేసు కడితే శవానికి పోస్టుమార్టం, లిడియాకి లాకప్.

ఎస్సై దుర్గ వచ్చేసరికి మధ్యాహ్నం రెండు.

"ఇదిగోనండి ఎవిడెన్సు." క్రాంతికుమార్ ఫోన్ చూపించాడు. "రోజూ పొద్దున్నే ఆక్సిజన్ సిలిండరు మీటరు ఫోటో పంపమన్నానండి. ఇది ఎనిమిదింటిది. అమ్మ పదిన్నరకి పోయింది. ఇప్పుడు చూడండి, ముల్లు ఒక గీత పైకుంది. వాడితే గ్యాసు పెరుగుతుందాండీ?"

మాట నిజమే. పెరట్లో సిలిండరు మీద ముల్లు పైనే ఉంది.

దుర్గ లిడియా వైపు తిరిగింది.

"గ్యాసు కట్టేసేరా?"

"ఆయ్. అమ్మ పోయేక నాబ్ తిప్పేసేనండి."

"పోకముందు?"

"నడుస్తూనే ఉందండి."

ఏడుపు లేదు. కోపం లేదు. కరెంటు బిల్లు సంగతి అడిగినట్టు జవాబు చెప్పింది.

"అప్పుడు సిలిండరు ఎక్కడుంది?"

"ఏసీ గదిలోనండి. బాక్సుకి చోటు చెయ్యాలి కదా, మంచం, పరుపు, సిలిండరు అన్నీ పెరట్లో పడేసేరు."

గది ఖాళీ చెయ్యడంలో ఇరుగుపొరుగు చూపించిన చురుకు, ఆవిడ బతికుండగా పలకరించడంలో చూపించలేదు.

దుర్గ సిలిండరు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది. నల్ల ఇనుము. మే నెల ఎండ.

"నాబ్ ఎవరూ ముట్టుకోకండి. గదిలోకి తెచ్చి తడి గోనెసంచులు చుట్టండి. ఏసీ వెయ్యండి."

కూర్చున్నారు. ముల్లు మెల్లగా దిగింది. ఫోటోలో ఉన్నచోటు దాటి, ఇంకో గీత కిందికొచ్చి ఆగింది.

"లీకేమోనండి," అన్నాడు క్రాంతికుమార్.

సబ్బునీళ్ళు రాయించింది. ఒక్క బుడగా లేవలేదు.

"ముల్లు గ్యాసు ఎంతుందో నేరుగా చెప్పదండి," అంది దుర్గ. " లోపలి అణువులు గోడల్ని ఎంత గట్టిగా గుద్దుతున్నాయో చెబుతుంది. ఎండెక్కితే వాటికి పరుగెక్కువ, గుద్దులూ ఎక్కువే. చల్లబడ్డాక పొద్దుటికంటే తగ్గిందే, ఆ తగ్గింది మీ అమ్మగారు పీల్చిందండి."

"అయితే అమ్మ..."

"గ్యాసు అందిందండి. ఆవిడకే ఓపిక అయిపోయింది. కంప్లయింట్ వెనక్కి తీసుకుంటారా?"

"ఆయ్." క్రాంతికుమార్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

శవపెట్టె వచ్చింది. తల్లిని అందులోకి దించాలి. అన్నాచెల్లెళ్ళు చెరోవైపు నిలబడ్డారు.

"తలవైపు నువ్వు పట్టుకో అన్నయ్యా," అంది లిడియా. "నా చేతులు నాకు తెలియట్లేదు."