అబూ రాకన్ ఇంట్లో తాగిన కాఫీ

"మళ్ళీ టీలో మర్యమియా ఆకు వేశావు! నాకేమైనా కడుపునొప్పా, కషాయం తాగడానికి?" ముహన్నద్ గ్లాసును విసురుగా బల్ల మీద పెట్టాడు.

"పెళ్ళైనప్పటి నుంచీ ఇదే టీ తాగుతున్నావు. ఇవాళే నాలిక మొలిచిందా?" అంది రులా. "ఆ ఫోన్లో ఎవరున్నారో వాళ్ళ మీద అరుచుకో, నా మీద కాదు."

"శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టారా?" అంటూ అతని తండ్రి చెయ్యి చాపాడు. "అదిలా ఇవ్వమ్మా. నాకే ఆకుతోనూ పేచీ లేదు." గ్లాసు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఫోన్లో ఉన్నది గల్ఫ్ నుంచి వచ్చిన కొనుగోలుదారులు. చిన్న క్లినిక్కుల కోసం ముహన్నద్ అమ్మాన్‌లో పెంచుకొచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీని వాళ్ళు కొనబోతున్నారు.

రులా గొంతు తగ్గించింది. "రాకన్ భార్య హనీన్ ఫోన్ చేసింది. అతన్ని దోహా కంపెనీ వాళ్ళు ఉద్యోగానికి మళ్ళీ పిలిచారట. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. కంపెనీలో అంతా బాగానే ఉందా అని నన్నడిగింది."

"బాగానే ఉందని చెప్పు."

"బాగానే ఉందా?"

ముహన్నద్ ఆమె కళ్ళలోకి చూడలేదు. "మనవాళ్ళలో ముగ్గురినే ఉంచుకుంటారు. రాకన్ వాళ్ళలో లేడు. కానీ అప్పగింత అయ్యేదాకా వాడు లేకపోతే కుదరదు. వేసవి వరకూ..."

"తర్వాత?"

"తెలివైనవాడు. ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే."

"దొరికిందిగా. ఇవాళ."

రెండేళ్ళ కిందట దోహా నుంచి మొదటిసారి పిలుపు వచ్చినప్పుడు ముహన్నద్ తన స్నేహితుడూ, కంపెనీలో కుడిభుజమూ అయిన రాకన్‌కి జీతం పెంచలేదు, వాటా ఇవ్వలేదు. రక్తం చిందిన తగాదాకు రాజీ కోరడానికి వెళ్ళినట్టు, తన తండ్రినీ నలుగురు పెద్దలనూ వెంటబెట్టుకుని రాకన్ తండ్రి అబూ రాకన్ ఇంటికి వెళ్ళాడు. కాఫీ ఇచ్చారు. ముహన్నద్ తండ్రి కప్పును కింద పెట్టి, రాకన్‌ను దోహా పంపనని మాటిస్తేనే తాగుతామన్నాడు. గడప తొక్కిన పెద్దల కాఫీ చల్లారిపోతే ఆ ఇంటికి తలవంపు. "తాగండి. మావాడు మీవాడితోనే ఉంటాడు," అన్నాడు అబూ రాకన్, కొడుకు మొహం వైపు చూడకుండానే. నిరుడు చలికాలంలో ఆయన పోయాడు.

"నేనంటే వాడికి ప్రాణం. తర్వాత చెప్పినా అర్థం చేసుకుంటాడు," అన్నాడు ముహన్నద్.

"నువ్వంటే కాదు. దోహా కబురు రాగానే వెళ్ళి తండ్రి సమాధి దగ్గర కూర్చున్నాడట. హనీన్ ఏడ్చింది. అతను నీ దగ్గర లేడు ముహన్నద్, చనిపోయిన తండ్రి మాట దగ్గర ఉన్నాడు."

"మెల్లగా! నాన్న వింటారు."

"విన్నాను," అన్నాడు పెద్దాయన, బాల్కనీ తలుపు దగ్గర నిలబడి. ప్రతి వారం కొడుకుతో కలిసి వెళ్ళే మసీదుకి ఆ రోజు ఒక్కడే వెళ్ళాడు.

మధ్యాహ్నం మాంసం, అన్నం కలిపి వడ్డించిన మన్‌సఫ్ పళ్ళెం చుట్టూ ముగ్గురూ కూర్చున్నారు. పెద్దాయన మాంసం తుంచి కోడలి వైపు పెట్టాడు. కొడుకు వైపు పెట్టలేదు.

"నా తెల్ల గడ్డం చూసి ఇచ్చాడ్రా ఆ మాట," అన్నాడు.

"వాడు ఇవాళ వెళ్ళిపోతే వాళ్ళు కొనరు నాన్నా. కంపెనీ మూతపడుతుంది. అందరూ రోడ్డున పడతారు."

"అదే అతనితో చెప్పు. విని, ఉంటే ఉంటాడు. చీకట్లో కట్టేసి ఉంచడమెందుకు? ముడి వేసినవాడు మట్టిలో ఉన్నాడు. ఇక విప్పాల్సింది మనమే."

ముహన్నద్ చేతిలోని ముద్ద నోటిదాకా వెళ్ళలేదు. అబూ రాకన్‌ను పూడ్చిన రోజు గుర్తొచ్చింది. మట్టి చేతులతో రాకన్ తనను కౌగిలించుకుని, "నాన్న మాట తప్పను, నువ్వు భయపడకు," అన్నాడు. ఆ సమాధి పక్కన తనకు కలిగింది దుఃఖం కాదు, నిశ్చింత. దాన్నే ఇన్నాళ్ళూ స్నేహమని అందరికీ చెప్పుకున్నాడు.

"సాయంత్రందాకా ఆగితే వాడు కాదని చెప్పేస్తాడు," అన్నాడు. "ఇప్పుడే వెళదాం నాన్నా. మీరు మాట తిరిగిచ్చేయండి. మిగతాది నా నోటితో నేనే చెబుతాను. ఆదివారం ఆఫీసు తెరవగానే అందరికీ చెబుతాను."

"కొనేవాళ్ళు?" అంది రులా.

"పోతారేమో."

ఎంగిలి చేత్తోనే కళ్ళు తుడుచుకోబోయాడు. రులా ఆ చెయ్యి పట్టుకుని ఆపి, తన చేతి తువ్వాలుతో అతని మొహం తుడిచింది. పెద్దాయన అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నాడు.