ముల్లు అరవై మీదే ఉంది

సుబ్బరత్నమ్మ శవం మిరప చేను గట్టు మీద పడి ఉంది. పాలక్యాను మూత ఇంకా చేతిలోనే ఉంది. క్యాను మాత్రం ఇరవై అడుగుల అవతలికి ఎగిరిపోయింది.

మంగళవారం ఉదయం 6:42. నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్లే రోడ్డు.

గుద్దిన తెల్ల జీపు బండి అక్కడే ఆగి ఉంది. డ్రైవర్ మరియదాసు పారిపోలేదు. 108కి ఫోన్ చేసింది కూడా అతనే.

"స్పీడెంత?" సీఐ అనసూయ మొదటి ప్రశ్న అదే.

"అరవై మేడం. ముల్లు అరవై మీదే ఉంది. బోర్డు మీద కూడా అరవయ్యేగా. దాటలా."

మధ్యాహ్నానికి ఎదురుగా ఉన్న పత్తి జిన్నింగ్ మిల్లు సీసీ కెమెరా వేరే మాట చెప్పింది. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం కొలిచారు. బండి దాటిన టైమ్ లెక్కకట్టారు. అరవై ఏడు.

"మీటర్ చెడిపోయి ఉంటుందేమో మేడం," అన్నాడు కానిస్టేబుల్ వెంకటేష్.

క్రేన్ దొరక్క ఆ రాత్రి బండిని దగ్గర్లోనే ఉన్న ఓనర్ రాజ్‌కుమార్ షెడ్డుకు నెట్టించి, అక్కడే ఉంచారు. బుధవారం పదకొండింటికి స్టేషన్‌కు తెచ్చారు. సాయంత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నడిపి చూశాడు.

"మీటర్ కరెక్టే. అరవై చూపిస్తే అరవయ్యే."

అంటే మరియదాసు అబద్ధమాడాడు. అనసూయకు ఒళ్లు మండింది. పొరపాటు చేసినవాళ్లను ఆమె రోజూ చూస్తూనే ఉంటుంది. శవం పక్కన నిలబడి, కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పేవాడిని మాత్రం సహించలేదు.

స్టేషన్ బెయిల్ మీద ఉన్న మరియదాసు రోజూ వచ్చి సంతకం పెట్టి పోతున్నాడు. అడిగిన ప్రతిసారీ అదే మాట. ముల్లు అరవై మీదే ఉంది.

వరండా బెంచీ మీద సుబ్బరత్నమ్మ భర్త గోపాలకృష్ణయ్య కూర్చుని ఉంటున్నాడు. ఇంట్లో కూర్చోలేకపోతున్నాడు పాపం.

"తప్పు చేశానంటే ఏదో ఒకనాటికి ఓర్చుకుంటానమ్మా," అన్నాడు ఒకసారి. "పోయినదాని మీద అబద్ధమాడితే ఎట్టా ఓర్చుకునేది?"

శనివారం ఛార్జిషీట్ వేయాలి. తెలిసే స్పీడుగా నడిపాడని రాస్తే మరియదాసుకు జైలు. లైసెన్సు పోతుంది. పద్దెనిమిదేళ్ల డ్రైవింగ్ ఒక్క సంతకంతో ముగిసిపోతుంది.

శుక్రవారం సాయంత్రం 4:10కి అతని భార్య హన్నమ్మ వచ్చింది. చేతిలో నూనె మరకల నోటుబుక్కు.

"మా ఆయన ట్రిప్పు బుక్కు మేడం. పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మీటరు రాస్తాడు. ఒక్క రోజు తప్పలా. ఇట్టాంటి మనిషి అబద్ధమాడతాడా?"

ఆమె బాధ చూడలేక అనసూయ పేజీలు తిప్పింది. రోజూ ఒకటే ట్రిప్పు. షెడ్డు నుంచి సిమెంట్ ఫ్యాక్టరీకి ఇంజినీర్లను దింపడం. అరవై కిలోమీటర్లు. అరవై. అరవై. మళ్లీ అరవై.

నవంబరు పద్నాలుగున యాభై నాలుగు. అక్కడి నుంచి ప్రమాదం ముందురోజు దాకా యాభై నాలుగే.

అనసూయ ముందుకు వంగింది.

"అడ్డదారి ఏమన్నా పడిందా ఆ రోడ్డుకి?"

"లేదు మేడం. ఉన్నది ఒకటే రోడ్డు," అన్నాడు వెంకటేష్.

"మరి రోడ్డు ఆరు కిలోమీటర్లు ఎట్లా తగ్గింది?"

ఆమె టార్చి తీసుకుని యార్డులోకి వెళ్లింది. బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చక్రం సందులోకి వెలుగు వేసింది. చక్రం పైన, లోపలి ప్లాస్టిక్ ఒకచోట రాసుకుపోయి నున్నగా మెరుస్తోంది. ఇప్పుడున్న టైరుకు, ఆ రాపిడి గుర్తుకు మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందు ఉంది. ఈ టైరు అక్కడ తగిలే అవకాశమే లేదు.

ప్రమాదం రోజు పంచనామాలో తానే రాసింది: టైర్ల కండిషన్ బాగుంది. వాటిని కొలవనే లేదు. ఆమెకు సిగ్గేసింది.

శనివారం ఉదయం పది. యార్డులో అందరూ నిలబడ్డారు.

"మరియదాసూ, నవంబరులో బండికి ఏం చేశారు?"

"టైర్లు మార్చారు మేడం. పెద్దవి. ఎత్తుగా, ఠీవిగా ఉంటదని ఓనర్ గారు వేయించారు. దానికీ మీటర్‌కీ ఏంది సంబంధం?"

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలా."

అనసూయ రాజ్‌కుమార్ వైపు తిరిగింది.

"మీటర్ రోడ్డును చూడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో అంతే చూస్తుంది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటర్‌కు ఆ సంగతి తెలియదు. అరవై కిలోమీటర్ల దారిని యాభై నాలుగంటుంది. అరవై ఏడు స్పీడును అరవై అంటుంది. ఆ పెద్ద టైర్లేవీ?"

"ఏమో మేడం. నాకేం తెలుసు..."

"నిన్న రాత్రే టైర్ల షాపువాడిని అడిగాను. మీటర్ తక్కువ చూపిస్తుంది జాగ్రత్త అని మీకు ఆ రోజే చెప్పాడట. ప్రమాదం జరిగిన రాత్రి బండి మీ షెడ్డులోనే ఉంది. పాత టైర్లు ఎక్కించింది ఎవరు?"

రాజ్‌కుమార్ మొహం పాలిపోయింది. "కేసు నా మీదకి వస్తదని భయపడ్డా మేడం. టైర్లే గదా, అందరూ మారుస్తున్నారు..."

"డ్రైవర్‌కు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

వెంకటేష్ అతన్ని లోపలికి తీసుకెళ్లాడు.

మరియదాసు కదలలేదు. కళ్ల నిండా నీళ్లు.

"ఫ్యాక్టరీకి ముందే చేరుతుంటే రోడ్డు బాగుపడిందనుకున్నా మేడం. యాభై నాలుగని నా చేత్తోనే రాశా. ఒక్కసారన్నా ఆలోచించలా. అబద్ధమాడలేదని రాయండి, చాలు. గుద్దింది మాత్రం నేనే. అది తీసేయొద్దు."

గోపాలకృష్ణయ్య కర్ర ఊతంతో మెల్లగా దగ్గరికి వచ్చాడు. మరియదాసును చాలాసేపు చూశాడు. తర్వాత అనసూయ వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ ఏడు కిలోమీటర్ల స్పీడు తక్కువుంటే... మా ఇంటిది రోడ్డు దాటేదా?"

నాలుగు రోజులుగా ప్రశ్నలన్నీ ఆమే వేసింది.

"తెలియదు బాబాయ్," అంది.

ఆయన తలూపాడు. వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి పక్కకు జరిగి, మరియదాసుకు చోటిచ్చాడు.