పేరు కొట్టిన ఓడ దీపం

ఫోన్ మోగినప్పుడు నా రెండు చేతులకూ నల్లటి పాలిష్ ముద్ద. అందుకని ఫేబీ ఎత్తింది.

"ఆఁ, చెప్పండి మేడం. ఆయన చేతులు ఖాళీ లేవు. నాకు చెప్పినా ఒకటే."

అటువైపు మాట వింటున్నకొద్దీ ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్ పెట్టేసి, చెప్పులు లేని కాళ్ళతో షెడ్డులోనే రెండు గెంతులు గెంతింది.

"హెన్రీ! కోట దగ్గర సముద్రం పక్కన కొత్తగా రిసార్టు కడతన్నారే, ఆ అనూష మేడం! మన దీపం ఫొటో నచ్చిందంట. సాయంత్రం వచ్చి చూస్తారంట. బాగుంటే గదులన్నిటికీ మనయ్యే!"

"స్తోత్రం!" అని అరిచి, చేతుల సంగతి మరిచిపోయి ఆమెను ఎత్తి తిప్పాను. దించాక చూస్తే పసుపు చుడీదారు నడుముకు రెండువైపులా నా నల్లటి అరచేతులు అచ్చు పడ్డాయి.

"ఉతికేదెవరు?" అంది.

"నేనే."

"అయితే ఇంకోసారి తిప్పు."

ఈ అమ్మాయి నా భార్య అని గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది.

మా మామయ్య పరంజ్యోతి గారికి కోట బజార్లో స్టీలు సామాన్ల కొట్టుంది. నేను పవర్ ప్లాంటులో ఉద్యోగం మానేసి, తుక్కు యార్డుల్లో పడేసిన ఓడ సామాన్లూ పాత వాల్వులూ తెచ్చి, బాగుచేసి, దీపాలూ బల్లలూ చేసి అమ్ముతానంటే, "బీటెక్ చదివి తుక్కు ఏరుకుంటాడా!" అన్నారు. కూతురు పట్టుబట్టింది గనక పెళ్ళి చేశారు. కానీ షరతు పెట్టారు. ఈ నెలాఖరులోగా పెద్ద ఆర్డరు రాకపోతే షెడ్డు మూసేసి, పోర్టులో టైటస్ అనే కాంట్రాక్టరు దగ్గర చేరాలి. చేరితే నైట్ షిఫ్టు. కొత్త పెళ్ళికొడుకు రాత్రంతా క్రేన్లను చూస్తూ కూర్చోవాలన్నమాట.

అసలు ఫేబీ నాకు పరిచయమైంది ఆ కొట్లోనే. ప్లాంటుకు తీసుకెళ్ళడానికి క్యారేజీ కొన్నాను. పేర్లు కొట్టే మిషన్ చేతిలో పట్టుకుని, "ఏం పేరు?" అంది.

"పేరొద్దండీ."

"పేరు లేకపోతే ఎవరో ఒకరు ఎత్తుకపోతారు. మళ్ళా కొనడానికి వస్తారా?"

"వస్తాను," అన్నాను. అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపుకు నేను ఒక కాఫీ ఫిల్టరు, రెండు గరిటెలు అదనంగా కొన్నాను.

ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం నేను స్నానం చేస్తుంటే షెడ్డులోంచి "టిర్ర్ ర్ ర్" మని శబ్దం వచ్చింది. తువ్వాలుతోనే పరుగెత్తాను. ఫేబీ నాలుక కొరుక్కుంటూ, ఎంతో శ్రద్ధగా, కొట్లోంచి తెచ్చుకున్న పేర్ల మిషన్‌తో నా ఓడ దీపం ఇత్తడి రింగు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు చెక్కుతోంది.

'అనూష గారికి, హెన్రీ – ఫేబీ.'

"ఏంది ఫేబీ ఇది! ఇదేమన్నా పెళ్ళి బహుమతా?"

"మా కొట్లో పేరు కొట్టకుండా గిన్నె గడప దాటదు."

"ఇది గిన్నె కాదు. ఉప్పుగాలికి నల్లబడకుండా వార్నిష్ పూసినాను. ఇప్పుడు ఆ చుక్కల్లోంచి గాలి దూరద్ది. మనకున్న శాంపుల్ ఇదొక్కటే!"

ఆమె ముఖం చిన్నబోయింది. "ముందే చెప్పొచ్చు గదా," అంది మెల్లగా. ఏదో అనబోతుంటే బయట కారు ఆగింది. వాన మొదలైంది. ఆ వానలోనే, కారు వెనకాలే, మామయ్య స్కూటరు కూడా ఆగింది.

"వందనాలు మామయ్యా," అన్నాను, తువ్వాలు గట్టిగా పట్టుకుని.

"ముందు చొక్కా తొడుక్కో అల్లుడూ."

నేను చొక్కా తొడుక్కుని వచ్చేసరికి అనూష గారు దీపాన్ని బల్ల మీద తిప్పి తిప్పి చూస్తున్నారు. గాజు చుట్టూ ఇత్తడి ఊచలు, లోపల వెలుగు, ఆ వెలుగు పడి రేకుల గోడ మీద పెద్ద పువ్వులాంటి నీడ. ఆమె వేలు రింగు మీద ఆగింది.

"ఇదేంటి, నా పేరు?"

నేను రింగుకు చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఫేబీ మాత్రం ముందుకొచ్చింది.

"అది మీ ఇంటికి మేడం. మొదటిసారి మా షెడ్డుకు వచ్చినారు, ఉత్త చేతుల్తో ఎట్టా పంపిస్తాం? అది రిసార్టుకు కాదు."

"మరి నాకు శాంపుల్?"

"ఉండండి."

మూలనున్న కుప్పలోంచి ఇంకో దీపం రెండు చేతులతో మోసుకొచ్చి పక్కన పెట్టింది. పాచిపట్టి, పచ్చగా చిలుమెక్కి, ఊచల మధ్య గూడు కట్టిన పురుగులతో, చూడ్డానికి దీపంలాగే లేదు. మామయ్య ముక్కు మూసుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇవి రెండూ ఒకే ఓడవి మేడం. ఇదిగో, ఇట్టా ఉన్నిందాన్ని మా ఆయన అట్టా చేసినాడు. మంచిదాన్ని మెరిపించేది ఎవరైనా చేస్తారు. మీరు దీన్ని చూసి చెప్పండి."

అనూష గారు రెంటినీ మార్చి మార్చి చూశారు. నేను నా భార్యనే చూశాను. పాలిష్ మరకల చుడీదారు, తడిసిన ముంగురులు, చిలుము అంటిన చేతులు. దేశంలో ఇంత అందమైన సేల్స్ మేనేజరు ఉండదు.

"ఇదే ఓడవి ఇంకా ఉన్నాయా?" అడిగారు ఆమె.

"యార్డులో చాలా ఉన్నాయి," అన్నాను.

"అయితే అన్నీ తెప్పించండి. గదులన్నిటికీ ఇవే. కానీ ఫేబీ, గదుల్లో దీపాల మీద ఏ పేరూ వద్దమ్మా!"

ఫేబీ చెవులు పట్టుకుంది. అనూష గారు తన పేరున్న దీపాన్ని చున్నీ కింద దాచుకుని, నవ్వుకుంటూ కారెక్కారు.

మామయ్య ఆ మురికి దీపం దగ్గర గొంతుక్కూర్చున్నారు. స్కూటరు తాళంతో ఒకచోట గీకారు. లోపలి పసుపు రంగు తళుక్కుమంది. ఇంకోచోట గీకారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశారు.

"టైటస్, మా అల్లుడు రాడు. ఆయనకు వేరే పనుండాది... ఏం పనా? దీపాల పని."

ఫేబీ వెనకనుంచి నా చొక్కా పట్టుకుని గుంజింది.

"రేపు యార్డుకు నేనూ వస్తా," అన్నారు మామయ్య లేస్తూ. "వాళ్ళు చెప్పిన రేటుకు తలూపి వచ్చే రకం నువ్వు. బేరం నాకొదులు."

ఫేబీ ముఖం వాలిపోయింది. "నాన్నా, రేపు మేమిద్దరం బండి మీద పోదామనుకున్నాం..."

"పోండి, ఎవరొద్దన్నారు? నేను సామాన్లకు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెనకాలే వస్తా."

"వాన పడితే?"

మామయ్య స్కూటరు మీద కూర్చుని, మా ఇద్దరినీ ఒకసారి చూసి, ముఖం అటు తిప్పుకున్నారు.

"పడనీలే. తడిసేది మీరే గదా! తెల్లారగానే బయల్దేరండి."